ఎయాలి రేవులో దిగితే సగం పని అయినట్టే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మ్యూనిక్‌లో ఉంటున్న మీరిద్దరూ, హైదరాబాద్ నుంచి వస్తున్న అమ్మానాన్నలతో కలిసి సెప్టెంబరులో గ్రీసు వెళ్దామనుకుంటున్నారు. సాంతోరినిలో జనం మరీ ఎక్కువని విని, అమోర్గోస్ దీవిలో ఎయాలి అనే చిన్న అఖాతం ఫొటోలు చూసి అక్కడ ఐదు రోజులు ఉందామని ఆలోచన. అమ్మగారు శాకాహారి, నాన్నగారికి మోకాళ్ల నొప్పి. పైగా 2025లో అక్కడ భూకంపాలు వచ్చాయని ఇంట్లో టెన్షన్. వెళ్లొచ్చా, ఎక్కడ ఉండాలి, ఐదు రోజులూ ఏం చేయాలి అని అడిగారు.

నిక్షేపంగా వెళ్లొచ్చు. ఆ దీవికి నేను మూడుసార్లు వెళ్లాను. రెండోసారి మా అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లాను కాబట్టి మోకాళ్ల సంగతీ, పప్పన్నం సంగతీ రెండూ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు ఓడ గురించి చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పు చేసేది అక్కడే. అమోర్గోస్‌లో విమానాశ్రయం లేదు. దీవి సన్నగా, పొడుగ్గా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు సాగి ఉంటుంది. దానికి రేవులు రెండు: మధ్యలో కతాపోలా, ఉత్తరాన ఎయాలి. కొన్ని ఓడలు ఒక రేవులోనే ఆగుతాయి, కొన్ని రెండింట్లోనూ ఆగుతాయి, రోజును బట్టి మారుతుంది కూడా. మొదటిసారి మేం ‘అమోర్గోస్’ అన్న మాట చెవిన పడగానే సంచులు భుజాన వేసుకుని దిగేశాం. రాత్రి ఒంటిగంట దాటింది. ఓడ వెళ్లిపోయాక చూస్తే అది కతాపోలా. మా గది ఉన్నదేమో ఎయాలిలో. మధ్యలో ఇరవై కిలోమీటర్ల కొండ దారి, అన్నీ మలుపులే. దీవి మొత్తం మీద టాక్సీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఆ వేళప్పుడు ఒక్కటి కూడా లేదు. చివరికి గది యజమానురాలే నిద్ర లేచి కారు వేసుకుని వచ్చింది. ఒక్క మాట అనలేదు గానీ, ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని టికెట్ కొనేటప్పుడు దీవి పేరు కాదు, రేవు పేరు చూడండి. ఇంగ్లీషులో రాసింది చదివితే ‘ఏజియాలి’ అనిపిస్తుంది, స్థానికులు మాత్రం ‘ఎయాలి’ అంటారు. మైకులో వినపడేది కూడా అదే. ఇంకో సంగతి: ఈ చిన్న రేవుల్లో ఓడ నిలిచేది కొద్ది నిమిషాలే. ప్రకటన రాగానే కిందికి, కార్లు నిలిపే అంతస్తులోకి దిగి, సామానుతో వెనక తలుపు దగ్గర సిద్ధంగా ఉండాలి. ర్యాంపు పూర్తిగా ఆనకముందే అక్కడివాళ్లు కదలడం మొదలుపెడతారు. నాన్నగారితో ఈ పని తాపీగా చేయాలంటే పావుగంట ముందే కిందికి వెళ్లండి.

ఏథెన్స్ విమానాశ్రయం నుంచి పిరయస్ రేవుకి ఇప్పుడు మెట్రో నేరుగా వెళ్తుంది. మూడో లైనును 2022లో అక్కడిదాకా పొడిగించారు. పిరయస్ నుంచి ఎయాలికి మామూలు పెద్ద ఓడలో ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. అంతసేపు వద్దనుకుంటే దారిలో ఉన్న నాక్సోస్ అనే పెద్ద దీవిలో ఒక రాత్రి ఆగి, అక్కడి నుంచి వెళ్లండి. నాక్సోస్ నుంచి చిన్న దీవులన్నీ తిరుగుతూ వచ్చే చిన్న స్థానిక ఓడ ఒకటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ గాలి ఉన్న రోజు బాగా ఊగుతుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకి పెద్ద ఓడే మేలు. ఇక గాలి అంటే, ఎండాకాలంలో ఉత్తరం నుంచి వీచే మెల్తెమి. జూలై, ఆగస్టుల్లో దాని ఉధృతం ఎక్కువ, సెప్టెంబరులో కాస్త తగ్గుతుంది. కానీ పూర్తిగా నమ్మడానికి లేదు. గాలి బోఫోర్ట్ కొలతలో 8కి చేరితే మామూలుగా ఓడలను రేవులోనే ఆపేస్తారు. కాబట్టి దీవి నుంచి బయల్దేరిన రోజే విమానం పెట్టుకోకండి. మధ్యలో ఏథెన్స్‌లో ఒక రాత్రి ఉంచుకోండి.

ఇప్పుడు అసలు చోటు. ఎయాలి అఖాతం చుట్టూ నాలుగు ఊళ్లు ఉంటాయి. నీటి అంచున ఉన్నది ఓర్మోస్. ఆ మాటకి అర్థమే అఖాతం. దాని వెనక వాలు మీద అతుక్కుని ఉన్నది పొతామోస్, అంటే నది. కానీ మీరు వెళ్లే కాలంలో నీటి చుక్క కనపడదు. తూర్పున కొండ మీద లగాదా, ఉత్తరాన ఇంకో కొండ మీద థొలారియా. రేవులో నిలబడి తలెత్తితే, ఎవరో సున్నం ముద్దలు విసిరి కొడితే కొండకి అంటుకున్నట్టు ఈ రెండు ఊళ్లూ తెల్లగా కనపడతాయి.

పాత ఊళ్లన్నీ పైన ఎందుకున్నాయంటే, సముద్రపు దొంగల వల్ల. ఇది గైడులు చెప్పే కాలక్షేపం కబురు కాదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటి శిలాశాసనం ఒకటి ఇక్కడే దొరికింది. ఒక రాత్రి దొంగలు ఊరి మీద పడి ఆడవాళ్లూ ఆడపిల్లలతో సహా ముప్పైమందికి పైగా పట్టుకుపోయారు, రేవులో ఉన్న పడవలను ముంచేశారు. పట్టుబడినవాళ్లలో హెగెసిప్పోస్, అంతిపాప్పోస్ అనే అన్నదమ్ములు ఉన్నారు. వాళ్లు దొంగల నాయకుడితో మాట్లాడి, మిగతావాళ్లను వదిలేయమని, పూచీగా తాము ఉంటామని ఒప్పించారు. ఊరి జనం బయటపడ్డాక ఆ ఇద్దరినీ సన్మానించాలని తీర్మానం చేసి రాతి మీద చెక్కించారు. మన దగ్గర పల్లెల్లో ఊరి కోసం ప్రాణమిచ్చినవాళ్లకి వీరగల్లులు నిలిపినట్టే, కాకపోతే ఇక్కడ బతికుండగానే గౌరవించారు. అప్పటి ఊరు నేటి థొలారియా పక్కన విగ్లా అనే గుట్ట మీద ఉండేది. విగ్లా అంటే కావలి కాసే చోటు. థొలారియా పేరు కూడా ఆ చుట్టుపక్కల ఉన్న గుమ్మటం కప్పు రోమన్ సమాధుల వల్ల వచ్చిందే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది ఎయాలిని ఒక బీచ్ అనుకుని వస్తారు. రెండు రోజులు ఇసుకలో పడుకుని, ఇక్కడేమీ లేదే అని కతాపోలాకో నాక్సోస్‌కో వెళ్లిపోతారు. నా లెక్కలో ఓర్మోస్ ఈ చోటికి గుమ్మం మాత్రమే, ఇల్లు పైనుంది. రోజుకి ఒక్కసారైనా కొండెక్కితేనే ఈ ఊరు మీకు దక్కుతుంది. నడిచా, బస్సులోనా అన్నది మీ మోకాళ్లను బట్టి.

బస మాత్రం మీరు ఓర్మోస్‌లోనే తీసుకోండి. పైనున్న ఊళ్లలో గదులు బాగుంటాయి, రాత్రిళ్లు చల్లగా ఉంటుంది, చౌక కూడా కావచ్చు. కానీ లగాదా, థొలారియాల లోపలికి కారు వెళ్లదు. ఊరి మొదట్లో ఆపి, మెట్లెక్కుతూ దిగుతూ గదికి చేరాలి. చక్రాల సూట్‌కేసు అక్కడ గుదిబండే. పొతామోస్‌లో సూర్యాస్తమయం బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ప్రతి పాల ప్యాకెట్‌కీ కిందికి దిగి మళ్లీ ఎక్కాలి. ఓర్మోస్‌లో కూడా రేవు వెనక వీధులు వాలుగానే ఉంటాయి. ‘సముద్రం కనపడే గది’ అని రాశారంటే మెట్లు ఉన్నాయని అర్థం. బుక్ చేసేముందు ‘గదికి ఎన్ని మెట్లు’ అని నేరుగా అడగండి. బీచ్ వైపు నేలబారుగా ఉన్న ఇళ్లు దొరుకుతాయి. చిన్న వంటగది ఉన్నది చూసుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను. బాత్రూములో కాగితం కమోడ్‌లో వేయొద్దని బోర్డు ఉంటుంది. సరదాకి పెట్టింది కాదు, గొట్టాలు సన్నవి, పక్కనున్న బుట్టలోనే వేయాలి.

ఓర్మోస్ బీచ్ అమ్మానాన్నలకి చక్కగా సరిపోతుంది. ఇసుక మెత్తగా ఉంటుంది, చాలా దూరం దాకా లోతు తక్కువ, మన సరుగుడు పోలికలో ఉండే చెట్ల కింద నీడ ఉంటుంది. ఉత్తరం వైపు ఒడ్డు వెంట కాలిబాటన వెళ్తే వరసగా లెవ్రోస్సోస్, ప్సిలి అమ్మోస్, ఖోఖ్లాకాస్ అని ఇంకో మూడు బీచ్‌లు వస్తాయి. మొదటిదాకా అందరూ వెళ్లొచ్చు. తర్వాతి రెండింట్లో కొందరు బట్టలు లేకుండా స్నానం చేస్తారు. అక్కడ అది మామూలే, ఎవరూ పట్టించుకోరు. కానీ నాన్నగారితో మాట్లాడుకుంటూ మలుపు తిరిగి ఠక్కున ఆగిపోవాల్సి రాకుండా ముందే చెబుతున్నా.

ఇక నడక. మీరిద్దరూ ఒక ఉదయం దీనికే కేటాయించండి. ఓర్మోస్ నుంచి లగాదాకి రాళ్లు పరిచిన పాత మెట్ల దారి ఉంది. ఇలాంటి దారిని కల్దెరిమి అంటారు. రోడ్డు పడకముందు గాడిదలూ మనుషులూ నడిచింది దీని మీదే. ఏడు గంటలకల్లా బయల్దేరితే ఎక్కేంతసేపూ కొండ నీడ ఉంటుంది. చుట్టూ మెట్లు మెట్లుగా కట్టిన పొలాలు, వాటిని నిలబెట్టే రాతి గోడలు. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. ఈ కట్టుబడి విద్యను గ్రీసుతో పాటు మరికొన్ని దేశాల పేరు మీద యునెస్కో 2018లో వారసత్వ జాబితాలో చేర్చింది. పొలాలు చాలావరకు బీడు పడ్డాయి. మేకల మెడ గంటలు వినపడతాయి, మేకలు మాత్రం ఎక్కడున్నాయో కనపడవు. కాలి కింద ఎండిన వాము జాతి మొక్కలు నలిగి ఘాటైన వాసన వస్తుంది. మా అత్తయ్యగారు ఆ ఆకు నలిపి చూసి, “ఇది మన వామాకుకి వేలు విడిచిన చుట్టమే” అన్నారు. అది ఒరేగానో, థైమ్.

లగాదాలో ఒక కాఫీ తాగి, అక్కడి నుంచి లోయ అంచు చుట్టూ తిరిగే బాటలో థొలారియా వైపు వెళ్లండి. దారిలో పనయా ఎపనోఖోరియాని అనే చర్చి వస్తుంది. మేరీ మాత పేరున ఆగస్టు 15న జరిగే పండగకి చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే చేరతాయి. పెద్ద గంగాళాల్లో వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తారు. సరిగ్గా మన జాతర భోజనమే. మామూలు రోజుల్లో అక్కడ మీరూ, గాలీ తప్ప ఎవరూ ఉండరు. థొలారియా చేరి కిందికి దిగితే మళ్లీ ఓర్మోస్. ఆగుతూ నడిస్తే మొత్తం మూడు గంటలు. మధ్యలో కొట్లు ఉండవు, మనిషికి లీటరున్నర నీళ్లు తప్పనిసరి. చెప్పులతో వెళ్లొద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఎక్కడం కంటే థొలారియా నుంచి దిగడమే మోకాళ్లకి కష్టం. కాబట్టి నాన్నగారిని ఈ దారిలో అస్సలు నడిపించకండి. వాళ్లిద్దరూ బస్సులోనో కారులోనో థొలారియాకి వస్తే అక్కడ అందరూ కలిసి భోజనం చేయొచ్చు. మేం అలాగే చేశాం. అత్తయ్యగారు మాకంటే ముందే చేరి, అప్పటికే ఊళ్లో ఇద్దరు ముసలమ్మలతో అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒకరి మాట ఒకరికి ముక్క తెలియదు, కబుర్లు మాత్రం ఆగలేదు.

ఇంతకంటే పెద్ద నడక కావాలంటే, ఎయాలి నుంచి దీవి వెన్నుపూస మీదుగా ఖోరా దాకా, అంటే దీవిలోని ముఖ్య పట్టణం దాకా పాత దారి ఉంది, నాలుగైదు గంటలు. మధ్యలో అస్ఫొండిలితిస్ అనే దాదాపు ఖాళీ అయిపోయిన పల్లె వస్తుంది, అక్కడి రాళ్ల మీద గీసిన చిన్న చిన్న మనిషి బొమ్మలు ఉంటాయి. నీడ లేని దారి. సెప్టెంబరు చివర అయితే సరే, మొదట్లో అయితే వద్దనే అంటాను.

ఒకటి రెండు రోజులకి కారు అద్దెకి తీసుకోండి. సెప్టెంబరు గడిచేకొద్దీ బస్సులు తగ్గుతాయి. కారుంటే ఖోరా, దాని కింద సముద్రం వైపు కొండకి వేలాడే హోజోవియోతిస్సా మఠం చూడొచ్చు. 1088లో బైజాంటియం చక్రవర్తి మొదటి అలెక్సియోస్ పోషణలో వెలసిన మఠం అది. సముద్రానికి దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తున, అయిదు మీటర్ల వెడల్పు మించకుండా కొండ బండని ఆనించి కట్టారు. కింది నుంచి చూస్తే గోడకి అతికించిన కవరులా ఉంటుంది. పైకి మూడు వందలకు పైగా మెట్లు. నాన్నగారు కింద కారు ఆపే చోటు దగ్గరే ఉండి చూసినా ఆ దృశ్యం తక్కువేం కాదు. మగవాళ్లు ప్యాంటు, ఆడవాళ్లు మోకాళ్లు దాటిన బట్టలు వేసుకోవాలి. అమ్మగారు చీరలో వెళ్తే ఇబ్బందే లేదు. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. దర్శనం అయ్యాక సన్యాసులు చిన్న గ్లాసులో ప్సిమెని అనే సారా, ఓ మిఠాయి ముక్క ఇస్తుంటారు. దాల్చినచెక్క, లవంగం వేసి కాచిన సారా అది. వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. దారిలో అయోస్ పావ్లోస్ దగ్గర ఆగితే ఎదురుగా నికురియా అనే ఖాళీ దీవి కనపడుతుంది, సీజనులో చిన్న పడవ తిప్పుతారు.

తిండి గురించి అమ్మగారికి ధైర్యం చెప్పండి. అక్కడి ఫావా అంటే మన ముద్దపప్పే. పసుపురంగు బఠాణీ బద్దలు ఉడికించి మెదిపి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేస్తారు. అదే పప్పులో నాలుగు మెతుకులు, ఒక చెంచా ఆవకాయ కలిపాక అత్తయ్యగారి ముఖం చూడాలి! అందుకే వంటగది ఉన్న గది తీసుకోమన్నాను. బియ్యం ఓర్మోస్ కొట్టులో దొరుకుతుంది, పెరుగు సంగతి చెప్పక్కర్లేదు, గ్రీసు కదా. ఇండియా నుంచి నెయ్యి మాత్రం తేవద్దనండి. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి పాల పదార్థాలు సామానులో తేకూడదు. ఆవకాయ సీసా చాలు.

హోటళ్లలో హోర్తా అడగండి. కొండ ఆకుకూరలు ఉడికించి నిమ్మరసం పిండి ఇస్తారు. బ్రియామ్ అంటే కూరగాయలన్నీ కలిపి ఓవెన్‌లో మగ్గబెట్టింది. గెమిస్తా అంటే టమాటా, క్యాప్సికమ్‌లో అన్నం కూరినది. కానీ కొందరు అందులో ఖీమా కలుపుతారు, ‘ఖోరిస్ క్రేయాస్’ అంటే ‘మాంసం లేకుండా’ అని అడిగి తీసుకోండి. ‘నిస్తీసిమో’ అన్న మాట కూడా పనికొస్తుంది. ఉపవాసపు వంట అని అర్థం, అందులో మాంసం, గుడ్డు, పాలు ఉండవు. ఇక్కడే ఒక మెలిక ఉంది. వాళ్ల ఉపవాసంలో ఆక్టోపస్, రొయ్య, స్క్విడ్ తినొచ్చు! నిస్తీసిమో అన్నారని గుడ్డిగా నమ్మితే పళ్లెంలో ఎనిమిది కాళ్లు రావచ్చు. మీరు మాంసం తినేవాళ్లయితే లగాదాలోనో థొలారియాలోనో పతతాతో తినండి, ఈ దీవి వంటకం, మేక మాంసం, బంగాళాదుంప కలిపి నెమ్మదిగా ఉడికిస్తారు. నువ్వులూ తేనె కలిపిన పస్తేలి చూసి అమ్మగారు ‘నువ్వుల జీడి’ అనకపోతే నన్నడగండి.

చివరిగా భూకంపాలు. 2025 జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా సాంతోరినికీ అమోర్గోస్‌కీ మధ్య సముద్రం అడుగున వేల కొద్దీ ప్రకంపనలు వచ్చాయి, పెద్దది 5.3. రెండు దీవుల్లోనూ అత్యవసర పరిస్థితి ప్రకటించారు, సాంతోరిని నుంచి వేలమంది వెళ్లిపోయారు. భూగర్భంలో శిలాద్రవం పక్కకి చొచ్చుకుపోవడం వల్ల వచ్చాయని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ ఉధృతం తర్వాత తగ్గిపోయింది. ఇంట్లోవాళ్లకి ‘అక్కడ భూకంపాలే రావు’ అని మాత్రం చెప్పకండి, అబద్ధమవుతుంది. 1956 జూలై 9న అమోర్గోస్ దగ్గర 7 దాటిన తీవ్రతతో పెద్ద భూకంపం, దాంతో పాటు సునామీ వచ్చాయి. యాభైమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది సాంతోరినిలో. బయల్దేరే వారం ముందు గ్రీసు పౌర రక్షణ శాఖ ప్రకటనలు ఒకసారి చూసుకోండి. ఒడ్డున ఉన్నప్పుడు నేల గట్టిగా, ఎక్కువసేపు కదిలితే ఫోనులో హెచ్చరిక కోసం ఆగకుండా పొతామోస్ దారి పట్టి పైకి వెళ్లిపోవాలి. ఓర్మోస్‌లో ఉన్న సౌకర్యం ఏంటంటే ఎత్తు ప్రదేశం వీధి వెనకే ఉంది. మొదటి రోజే నాన్నగారి నడకకి ఆ వాలు ఎంతసేపు పడుతుందో ఒకసారి సరదాగా నడిచి చూడండి. అత్యవసర నంబరు 112. దీవిలో పెద్ద ఆసుపత్రి లేదు, కాబట్టి బీపీ, షుగర్ మాత్రలు రెండు వారాలకి సరిపడా, అవీ చేతి సంచిలో ఉండాలి. కొంచెం నగదు కూడా దగ్గర పెట్టుకోండి.

ఐదు రోజుల్లో ఒక రోజు నడకకి, ఒక రోజు కారులో ఖోరాకి పోను, మిగతా మూడు రోజులకీ ఏ ప్లానూ వేయకండి. కతాపోలాకి కూడా వెళ్లాలా అని అడిగారు కదా, అక్కర్లేదు. అదీ మంచి అఖాతమే, దాని చుట్టూ కూడా చిన్న ఊళ్లున్నాయి, కానీ సామాను సర్ది మకాం మార్చేంత తేడా లేదు.

తేదీలు ఖరారయ్యాక చెప్పండి. మీరు వెళ్లే రోజున ఏ ఓడ ఎయాలిలో ఆగుతుందో చూసి పెడతాను. రాత్రి పన్నెండు దాటాక చేరేదైతే, గది యజమానికి ముందు రోజే ఫోన్ చేసి రేవు దగ్గరికి రమ్మనండి.